ఎడమ వైపు బండ

ఎడమ వైపు గ్యాస్ బండ మా ఆయనది, కుడి వైపుది నాది. అలా ఎవరూ పంచిపెట్టలేదు. డెల్బర్ట్ పోయిన నాలుగో రోజున మా చక్రాల ఇల్లు ట్రైలర్ ముందు నిలబడి నాకు నేనే పంచుకున్నాను.

రెండు బండలూ ట్రైలర్ ముక్కు మీద, పికప్ ట్రక్కుకు తగిలించే కొక్కెం వెనక, పక్కపక్కన నిలబడి ఉంటాయి. వాటి మధ్య అరచేయంత రెగ్యులేటర్. రెండు బండల నుంచి రెండు గొట్టాలు దాంట్లోకి వస్తాయి. దాన్నుంచి ఒక్క గొట్టమే లోపలికి, పొయ్యికీ హీటర్‌కీ పోతుంది. రెగ్యులేటర్ మీద ఒక మీట, మీట పైన చిటికెన వేలి గోరంత గాజు కన్ను. ఆ ట్రైలర్‌లో పదిహేడేళ్లు కాపురం చేశాను గానీ ఆ మీటను ఒక్కసారీ ముట్టుకోలేదు. నీళ్లు, వంట, పక్కబట్టలు నావి. చక్రాలు, బ్యాటరీ, గ్యాసు ఆయనవి.

చదవడం కూడా ఆయనదే. మా నాన్న పళ్లతోటల వెంట తిరిగే కూలీ. చెర్రీలు ఒక చోట, యాపిల్‌లు ఇంకో చోట. ఏ బడిలోనూ నేను నెల రోజులు నిలవలేదు. పెళ్లయ్యాక రోడ్డు మీది బోర్డులు, మందు సీసాలు, వచ్చే ఉత్తరాలు డెల్ పైకి చదివేవాడు. నేను పని చేసుకుంటూ వినేదాన్ని. ఆయన గొంతు ఉండగా నాకు అక్షరాలతో పనేమిటని అనుకునేదాన్ని.

చలికాలం వస్తే మేము అరిజోనాలో క్వార్ట్‌జైట్ బయటి ఎడారికి చేరేవాళ్లం. ఏటా అదే ఐరన్‌వుడ్ చెట్టు పక్కన ఆగేవాళ్లం. ఆ ఏడు అక్టోబర్ ఇరవై ఎనిమిదిన ఎడమ బండ అయిపోయింది. డెల్ మీటను కుడి వైపు తిప్పాడు. ఎడమ బండ విప్పి పికప్‌లో వేసుకుని ఊళ్లోకి వెళ్లి నింపించుకొచ్చాడు. తెచ్చి బిగించి, బండ నెత్తిన ఉండే గుండ్రటి పిడిని మెల్లగా తిప్పి తెరిచాడు.

"దీన్ని గబుక్కున తెరవకూడదు నెవా. అలిగి మూసుకుపోతుంది. బుజ్జగిస్తున్నట్టు తిప్పాలి, పెళ్లాన్ని ఏదన్నా అడిగినట్టు."

"అయితే మనింట్లో ఏనాడూ మంట వెలగకపోవాల్సిందే" అన్నాను.

ఆయన నవ్వాడు. నవ్వితే దగ్గొచ్చింది. బండ మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసి లోపలికి వచ్చి కాఫీ అడిగాడు. పొగలు కక్కే కాఫీ ఇస్తే ఎప్పటిలాగే మెట్టు మీద పెట్టి మర్చిపోయాడు. వేడి కాఫీ ఆయనకు పడదు. చల్లారి నీళ్లయ్యాక గాని తాగడు. ఆ ఒక్క విషయం మీదే నలభై ఒక్క ఏళ్లు పోట్లాడుకున్నాం.

ఆ తర్వాత తొమ్మిదో రోజు మధ్యాహ్నం గుర్రపు నాడాలు విసిరే ఆట నుంచి తిరిగొచ్చి, కుర్చీలో కూర్చుని బూటు లేసు విప్పుతూ ముందుకు వాలిపోయాడు. ఆసుపత్రికి చేర్చేలోపే అయిపోయింది. ఒక బూటు కాలికే ఉంది.

దహనం చేశాక ఆయన బూడిదను ఎర్ర కాఫీ డబ్బాలో పెట్టుకున్నాను. అందులో ఆయన మరమేకులు దాచుకునేవాడు. డెల్ వయోమింగ్‌లో బిగ్‌హార్న్ నది ఒడ్డున పుట్టాడు. ఎండలు ముదరగానే, మే నెలలో, అక్కడికి తీసుకెళ్లి నదిలో కలపాలనుకున్నాను. కలిపే ముందు ఆ ఒడ్డున ఆయన నింపించిన గ్యాసుతో ఆయనకు కాఫీ కాయాలి. ఒక కప్పు నేను తాగాలి, ఒకటి నదికి పోయాలి. తన చేతులతో ఇంటికి తెచ్చిన చివరి వస్తువు ఆ ఎడమ బండలో గ్యాసే. కాబట్టి మే నెల దాకా అది అలాగే ఉండాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

మీట అప్పటికే కుడి వైపు ఉంది. మీట ఎటు చూపిస్తే ఆ బండే కాలుతుంది, రెండోది ఊరికే ఉంటుంది. నేను నమ్మింది అది. ఎడమ బండ పిడిని కూడా మూసేద్దామా అని ఒకసారి చెయ్యి చాపాను. దాన్ని చివరగా పట్టుకున్న వేళ్లు ఆయనవి. నేను తిప్పితే ఆయన తిప్పిన తిప్పు పోతుందనిపించింది. చెయ్యి వెనక్కి తీసుకుని, రెండు బండల మీదా తెల్ల ప్లాస్టిక్ మూత దించాను.

*

సాయంత్రం నాలుగింటికి మా చుట్టుపక్కల ట్రైలర్ల వాళ్లంతా ఎవరి కుర్చీ వాళ్లు తెచ్చుకుని వెర్లిన్ వాళ్ల మంట దగ్గర చేరతారు. వెర్లిన్ మోంటానా మనిషి, రిటైరయ్యే దాకా పైపులు బిగించే పని. వాళ్లావిడ ఓపల్. పద్నాలుగు చలికాలాలుగా వాళ్లు మాకు ఇరుగుపొరుగు.

ఆ మంట దగ్గర ఒక పందెం ఉంది. మాలో ప్రతి ఒక్కరూ రెండు బండల్లో ఒకటే తెరిచి, రెండోది మూసి ఉంచుతారు. తెరిచింది ఆరిపోయాక చలిలో బయటికి పోయి రెండోది తెరుచుకుంటారు. అలా చేస్తేనే ఒక బండ ఎన్ని రోజులు వచ్చిందో తేలేది. ఎక్కువ రోజులు లాగినవాళ్ల ట్రైలర్ ముందు, నీడకు కట్టే గుడారపు గుంజకు ఒక నల్లటి సొట్ట కాఫీ కుండను వేలాడదీస్తారు. అది ఎవరిదో, ఏనాటిదో ఎవరికీ తెలియదు. వసంతం దాకా అది ఆ ఇంటి గౌరవం.

డెల్ ఏనాడూ ఆ పందెంలో లేడు. "తెల్లవారుజామున లేచి పిడి తిప్పడానికి నాకేం ఖర్మ" అనేవాడు. ఆయన ఎందుకు లేవక్కర్లేదో నేను అడగలేదు.

ఆయన పోయాక నేను మొదటిసారి ఆ పందెంలో చేరాను. కుడి బండ అక్టోబర్ ఇరవై ఎనిమిది నుంచి కాలుతోందని చెప్పాను. ఎడమది ఎందుకు దాస్తున్నానో కూడా చెప్పాను. ఓపల్ నా వీపు నిమిరింది.

హీటర్ పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు వేసేదాన్ని. మిగతా పొద్దంతా డెల్ కోటు తొడుక్కునే ఉండేదాన్ని. మధ్యాహ్నాలు ఆర్డిత్ వచ్చేది. ఆవిడది కెనడా, సస్కాచెవాన్. డెబ్బై తొమ్మిదేళ్లు, బళ్లో పాఠాలు చెప్పి చెప్పి గొంతు గరుకైపోయింది. డెల్ పేరుతో వచ్చిన కాగితాలు చదివి పెట్టమని తీసుకెళితే, చదివి పెట్టి, కళ్లజోడు తీసి, "రేపటి నుంచి రెండింటికి నేనే వస్తాను. పెన్సిల్ కొనుక్కో" అంది. అరవై ఏడేళ్ల వయసులో నా మొదటి పెన్సిల్ కొనుక్కున్నాను.

డిసెంబర్‌లో ఒక రోజు దుమ్ముగాలి లేచింది. మర్నాడు మూత ఎత్తి బండలు తుడిచాను. గాజు కన్ను అంతకు ముందు ఆకుపచ్చగా ఉండేది, ఇప్పుడు ఎర్రగా ఉంది. మంట రంగు కదా, బాగా కాలుతోందన్నమాట అనుకున్నాను. మీటకు అటూ ఇటూ ఇనుములో పోతపోసిన అక్షరాలున్నాయి. అప్పటికి నాకు అక్షరమాలలో సగమే వచ్చు. వచ్చిన వాటిని వేలితో తడిమి చూసుకుని సంతోషించాను. వాటిని కలిపి చదవడం రాలేదు. ఎడమ బండకు అంటిన దుమ్ము మాత్రం డెల్ పాత చొక్కాతో తుడిచాను.

జనవరి వచ్చినా నా బండ అయిపోలేదు.

"ఏం నెవా, ఇంకా ఆ కుడి బండేనా?" అన్నాడు వెర్లిన్ ఒక సాయంత్రం.

"ఇంకా అదే."

"అందులో ఉన్నది గ్యాసా, నీ మొండితనమా?"

"ఆవిడ ఒంటి మీద కోటు చూడు ముందు" అంది ఓపల్. "నీలాగా పొద్దస్తమానం హీటర్ ముందు పిల్లిలా పడుకుంటే బండ వస్తుందా, మహారాజా?"

"నాది ముప్ఫై ఏడో రోజే చేతులెత్తేసింది. తెల్లారకముందే లేచి, డ్రాయరు మీద పోయి రెండోది తెరుచుకున్నాను. ఒక కొయోటీ నక్క నన్ను చూసి సిగ్గుతో తల తిప్పుకుంది."

"సిగ్గుతో కాదు, జాలితో."

అందరూ నవ్వారు. వెర్లిన్ నవ్వలేదు. కట్టెతో మంటను కదిపి నా వైపు చూశాడు. "చలికి వణుకుతున్నావా ఏంటి తల్లీ? డెల్ వచ్చి నన్ను అడిగితే నేనేం చెప్పాలి?"

"ఏం వణకట్లేదు. వెచ్చగానే ఉంటున్నా."

"ఎడమది ముట్టుకోలేదు కదా?"

"ముట్టుకోలేదు."

అది నిజమే. ముట్టుకోలేదు. వెర్లిన్ లేచి కాఫీ కుండ తీసుకుని నా ట్రైలర్ దాకా నడిచి గుడారపు గుంజకు తనే వేలాడదీశాడు. ఆ సాయంత్రం లోపలికి వెళ్లాక ఎర్ర డబ్బాతో చెప్పాను, నీ బండ భద్రంగా ఉందని. పందెంలో నెగ్గానని కూడా చెప్పాను.

*

జనవరి ఇరవై నాలుగో తేదీ పొద్దున హీటర్ టిక్కు టిక్కుమంది గానీ అంటుకోలేదు. మూడుసార్లు చూశాను. నాకు బాధ కలగలేదు, గర్వంగా ఉంది. ఎనభై ఎనిమిది రోజులు. కోటు తొడుక్కుని వెర్లిన్ వాళ్ల తలుపు కొట్టాను.

"అయిపోయింది. ఎనభై ఎనిమిది."

"ఎనభై ఎనిమిదా? మా అమ్మమ్మ సిగరెట్లు దాచుకున్నట్టు దాచావే." కాఫీ కప్పుతోనే బయటికి వచ్చాడు. "పద, విప్పి ఊళ్లో నింపించుకొస్తా."

"కుడిది విప్పు. ఎడమది కదపొద్దు."

"తెలుసు తల్లీ, తెలుసు."

తెల్ల మూత ఎత్తి పక్కన పెట్టాడు. వంగి చూశాడు. కప్పును నేల మీద పెట్టాడు.

"ఈ కన్ను ఎర్రబడి ఎన్నాళ్లయింది?"

"క్రిస్మస్‌కి ముందే. కాలుతోందని కదా?"

ఎడమ బండ పిడి మీద చెయ్యి వేశాడు. తిప్పలేదు, ఊరికే పట్టి చూశాడు.

"నెవా, ఇది తెరిచే ఉంది."

"డెల్ తెరిచాడు. వచ్చిన రోజు."

బండలను పట్టి ఉంచే బిగింపు వదులు చేసి, ఎడమ బండ మెడ పట్టుకుని పైకి లాగాడు. నిండు బండ అయితే వెర్లిన్ లాంటి మనిషి కూడా మూలగాలి. అది ఒక్క చేతికే లేచి వచ్చింది. దాన్ని గాల్లోనే కాసేపు పట్టుకుని నిలబడ్డాడు. దించితే చప్పుడు నాకు వినిపిస్తుందని కాబోలు.

నాకు అర్థమైంది. అయినా అడిగాను.

"ఏమైంది?"

"రెండూ తెరిచి ఉంటే, ఒకటి అయిపోగానే ఇది రెండోదాన్ని అందుకుంటుంది తల్లీ. దానంతట అదే. ఎవరూ ముట్టుకోనక్కర్లేదు. దీని పనే అది."

"మీట ఇటుంది కదా వెర్లిన్. చూడు, మీట ఇటే ఉంది."

"ముందు ఏది వాడాలో మీట చెబుతుంది. ఏది వాడకూడదో చెప్పదు."

బండను మెల్లగా కిందికి దించాడు. అయినా చప్పుడైంది, బోలు చప్పుడు.

"నువ్వు మూసుంటావనుకున్నా. మేమందరం మూసే ఉంచుతాం కదా. ముట్టుకోలేదంటే అదే అర్థం చేసుకున్నా. పైపుల పనిలో ముప్ఫై నాలుగేళ్లు చేసినవాణ్ని, ఒక్కసారి మూత ఎత్తి చూడాలని నాకు తట్టలేదు."

నేను పికప్ తలుపుకు ఆనుకున్నాను. డిసెంబర్ నుంచి ప్రతి పొద్దునా ఆ హీటర్ ముందు చేతులు కాచుకున్నాను. గుడ్లు వేయించుకున్నాను. క్రిస్మస్‌కు ఓపల్ కోసం బిస్కట్లు కాల్చాను. ఒక రోజు స్నానానికని నీళ్లు రెండుసార్లు కాచాను. అవన్నీ ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. ఏది ఆయన గ్యాసో తెలియకుండానే అంతా వాడేశాను. తెలిసి ఉంటే ఒక్క మంట ముందైనా కాసేపు కూర్చునేదాన్ని.

వెర్లిన్ నా దగ్గరికి వచ్చాడు. "పొద్దున పొయ్యి వెలిగించావా?"

"లేదు. హీటర్ ఒక్కటే చూశా."

"అయితే పొయ్యి ముట్టించకు. హీటర్‌కి ఒత్తిడి గట్టిగా ఉండాలి, లేకపోతే అంటుకోదు. పొయ్యికి అంత అక్కర్లేదు. అడుగున రవ్వంత మిగిలి ఉండొచ్చు. ఎంతని అడక్కు. ఒక కప్పు కాఫీకి వస్తే గొప్ప. ఇప్పుడే మూసెయ్."

"నువ్వు మూయి."

"నేను మూయను నెవా."

పిడి చల్లగా ఉంది. దాన్ని పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. వెర్లిన్ అటు తిరిగి కొండల వైపు చూస్తున్నాడు. డెల్ ఎన్ని చుట్లు తిప్పాడో అన్ని చుట్లూ వెనక్కి తిప్పాను. నవంబర్‌లో చాపి వెనక్కి తీసుకున్న ఈ చెయ్యి, అప్పుడే ఒక్కసారి ఇలా తిప్పి ఉంటే బండ నిండుగా ఉండేది. ఆయన తిప్పిన తిప్పును దాచుకున్నాను, ఆయన తెచ్చినదాన్ని పోగొట్టుకున్నాను.

*

మధ్యాహ్నం రెండింటికి ఆర్డిత్ వచ్చేసరికి బల్ల మీద పుస్తకాలు లేవు. డెల్ కాగితాలుండే సొరుగు బోర్లించి ఉంది. రబ్బరు బ్యాండు వేసిన కట్టలో రెగ్యులేటర్ బొమ్మ ఉన్న కాగితం వెతికి తీశాను.

"ఇది నాకు చదివి పెట్టండి."

ఆర్డిత్ విషయం అప్పటికే వినే వచ్చింది. కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి, మళ్లీ నా ముందే పెట్టింది.

"నేను చదవను. నువ్వే చదువు."

"ఇవాళ నా వల్ల కాదు."

"ఇవాళ కాకపోతే ఎప్పుడూ కాదు. నాకు తొందరేం లేదు. టీ పెట్టుకుందామంటే నీ ఇంట్లో గ్యాసు కూడా లేదు."

ఆ మాటకు నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. ఆవిడ చేతిరుమాలు ఇచ్చి, పెన్సిల్ మొనను మొదటి మాట కింద పెట్టింది.

"రెం... డు. రెండు."

"ఊఁ."

"రెండు వా... వాల్వులు. రెండు వాల్వులూ తె... తెరిచి ఉంటే."

"మాటల మీద కూర్చోకు. నడువు."

ఒక్కో వాక్యానికి పావుగంట పట్టింది. రెండు వాల్వులూ తెరిచి ఉంటే, వాడుకలో ఉన్న సిలిండర్ ఖాళీ కాగానే రెగ్యులేటర్ తనంతట తానే నిల్వ సిలిండర్‌కు మారుతుంది. మంట ఆగదు. గాజు కన్ను ఎర్రబడితే మీట చూపుతున్న సిలిండర్ ఖాళీ అయిందని అర్థం. మీటను రెండో వైపుకు తిప్పి, ఖాళీ సిలిండర్‌ను విప్పి నింపుకోవచ్చు.

"మంట ఆగదు" అని రెండోసారి చదివాను. అప్పుడు గుర్తొచ్చింది. ఈ మాటలు నేను విన్నాను. పదిహేడేళ్ల కిందట, ట్రైలర్‌లోకి వచ్చిన కొత్తలో, డెల్ ఈ రెగ్యులేటర్ కొత్తగా కొని బిగించిన రోజు, మెట్టు మీద కూర్చుని ఈ కాగితమే నాకు పైకి చదివాడు. నేను లోపల బఠాణీలు ఒలుస్తున్నాను. "వింటున్నావా నెవా? ఇక మీదట నువ్వు చలిలో లేవక్కర్లేదు, నేనూ లేవక్కర్లేదు" అన్నాడు. "ఊఁ" అన్నాను. ఆయన గొంతు విన్నాను. మాటలు వినలేదు.

ఆర్డిత్‌తో ఆ మాట చెప్పాను. ఆవిడ ఏదో ఓదార్పు చెబుతుందనుకున్నాను. ఆవిడ పెన్సిల్ నా చేతిలో పెట్టి, "కింద ఇంకో నాలుగు వాక్యాలున్నాయి" అంది. చీకటి పడబోయే దాకా ఆ నాలుగూ చదివాను. నా జన్మలో నేను మొదటి నుంచి చివరి దాకా చదివిన మొదటి కాగితం అదే.

ఆ రోజు మంట దగ్గరికి ఆలస్యంగా వెళ్లాను. కాఫీ కుండ విప్పి తీసుకెళ్లి వెర్లిన్ కుర్చీ పక్కన పెట్టాను. "ఇది నాది కాదు. రెండు బండలూ కాల్చాను" అన్నాను.

ఓపల్ కళ్లు తుడుచుకుంది. వెర్లిన్ కాసేపు నేల వైపు చూసి, వేళ్ల మీద ఏదో లెక్కపెట్టాడు.

"రెండింటికి ఎనభై ఎనిమిది. అంటే ఒక్కోటి నలభై నాలుగు. నాది ముప్ఫై ఏడు. నువ్వే నెగ్గావు నెవా. తీసుకో."

"వద్దు."

"తీసుకోవే తల్లీ. నా చేతుల్లో పెట్టకు దాన్ని." కుండను నా ఒళ్లో పెట్టి లోపలికి వెళ్లిపోయాడు.

*

ఏప్రిల్ చివర మోంటానాకు పోతూ వెర్లిన్ వాళ్లు నాకు ముందు నడిచారు. నేను వెనక నా పికప్‌తో ట్రైలర్ లాగుతూ వచ్చాను. దారి పొడవునా బోర్డులు పైకి చదువుకున్నాను. విని ఊఁ కొట్టేవాళ్లు లేరు. వయోమింగ్‌లో గ్రేబుల్ ఊరు దాటాక వాళ్లు ఒక రోజు ఆగారు. నది ఒడ్డుకు రమ్మంటే మాత్రం రాలేదు.

"అది మీ ఇద్దరి పని" అన్నాడు వెర్లిన్. "పొద్దున బండను ఎండలో ఉంచు. చల్లగా ఉంటే ఉన్నది కూడా బయటికి రాదు. నిప్పు మాత్రం దగ్గరికి రానీయకు. తొందరపడకు."

మే రెండో తేదీ. కాటన్‌వుడ్ చెట్లకు అప్పుడే లేతాకు వస్తోంది. నది మంచు కరిగిన నీళ్లతో మట్టి రంగులో ఒడ్డులను ఒరుసుకుని పారుతోంది. ట్రైలర్ ముక్కు తూర్పుకు పెట్టి, మూత ఎత్తి, ఎడమ బండ మీద పదిన్నర దాకా ఎండ పడనిచ్చాను. పెయింటు వెచ్చబడింది.

ముందు కుడి బండ పిడి మూశాను. అది నేను నింపించింది. గొట్టాల్లో ఆ గ్యాసు ఇంకా ఉంటుందని, లోపలికి వెళ్లి పొయ్యి వెలిగించి అది సన్నబడి ఆరిపోయే దాకా నిలబడ్డాను. మళ్లీ బయటికి వచ్చి మీటను ఎడమ వైపు తిప్పాను. వాడుక, నిల్వ అని చదువుకున్నాను. ఆ ఇనుప అక్షరాలను ఇప్పుడు తడమక్కర్లేదు. ఎడమ పిడిని పట్టుకుని, ఆయన చెప్పినట్టు, బుజ్జగిస్తున్నట్టు తెరిచాను.

సొట్ట కుండలో రెండు కప్పుల నీళ్లు పెట్టి అగ్గిపుల్ల గీశాను. మొదటి పుల్లకు అంటుకోలేదు. రెండోదానికి నీలం చుక్కలు చుట్టూ లేచాయి. చిన్న మంట, వేలెడు కూడా లేదు. స్టూలు జరుపుకుని దాని ముందు కూర్చున్నాను. డిసెంబర్‌లో, జనవరిలో కూర్చోనిదంతా ఇప్పుడు కూర్చున్నాను. నీళ్ల అడుగున సన్న బుడగలు పుట్టాయి. కుండ అంచుకు చెయ్యి పెట్టి చూశాను. గోరువెచ్చన. మంట ఒక పక్క నుంచి సన్నబడింది. కాసేపు మూడు చుక్కలే మిగిలాయి, తర్వాత ఒకటి. అది చాలాసేపు ఉంది. ఆ తర్వాత అదీ లేదు.

నీళ్లు మరగలేదు. అయినా కాఫీ పొడి వేశాను. పొడి కిందికి దిగక పైనే తేలింది. రెండు కప్పుల్లో పోసుకుని, ఎర్ర డబ్బా చంకన పెట్టుకుని ఒడ్డుకు నడిచాను. ఆయన కప్పును ఒక రాతి మీద పెట్టి కాసేపు ఆగాను. ఆగాల్సిన పని లేదు, అది అప్పటికే ఆయన తాగేటంత చల్లగా ఉంది. నలభై ఒక్క ఏళ్లు పోట్లాడి, ఆఖరికి ఆయనకు కావలసినట్టే ఇచ్చాను. దాన్ని నదిలో పోశాను. డబ్బా మూత తీసి ఆయన్నీ పోశాను. నీళ్లు రెండింటినీ ఒక్క రంగులోనే తీసుకుపోయాయి.

నా కాఫీలో పొడి పళ్లకు తగిలింది. చివరి గుక్క దాకా తాగాను.

తిరిగి వచ్చి ఎడమ బండ ముందు నిలబడ్డాను. పిడి తెరిచే ఉంది. మూద్దామని చెయ్యి చాపి ఆగాను. మూసి దాచడానికి అందులో ఏమీ లేదు. బిగింపు వదులు చేసి, గొట్టం విప్పి, ఒక్క చేత్తో దాన్ని పికప్‌లోకి ఎత్తాను. గ్రేబుల్‌లో నింపించి తెచ్చి బిగించేసరికి సాయంత్రమైంది. రెండు పిడులూ తెరిచి పెట్టాను.